లైనక్స్ సర్వర్‌కూ రౌటర్లకూ మధ్య డైనమిక్ రౌటింగ్ పనిచేయనప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ పరిసరాల్లో ఆసుపత్రులు, కళాశాలలు, జిన్నింగ్ మిల్లులు, చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్ల నెట్‌వర్కులను చూసుకునేవారికి తరచుగా ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఉదాహరణల కోసం హనుమకొండలో ప్రధాన కార్యాలయం, అందులో ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నడిచే ఒక లైనక్స్ సర్వర్, కరీంనగర్, నర్సంపేట, పరకాల శాఖల్లో ఒక్కొక్క రౌటర్ ఉన్నాయని అనుకుందాం. బర్డ్ అనే మరొక రౌటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెప్పాము.

రౌటింగ్ పనిచేయడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట ఎక్కడ చూడాలి?

కాన్ఫిగరేషన్ ఫైలు తెరవడానికి ముందు, పని ఏ దశలో ఆగిందో తేల్చుకోవాలి. దశలు మూడే. రెండు పరికరాలు ఒకదాన్నొకటి పొరుగుగా గుర్తించడం మొదటిది, మార్గాల వివరాలు ఇచ్చిపుచ్చుకోవడం రెండవది, ఆ మార్గాలు లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌లోకి చేరి ప్యాకెట్ నిజంగా ఆ దారిన వెళ్లడం మూడవది. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అనేవి మార్గాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే రెండు ప్రోటోకాల్‌లు. మొదటి దశకు షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ లేదా షో బీజీపీ సమ్మరీ, రెండవ దశకు షో ఐపీ రౌట్, మూడవ దశకు లైనక్స్ ప్రాంప్ట్ మీద ఐపీ రౌట్ గెట్ అనే ఆదేశం సరిపోతాయి. ఈ మూడింటి ఫలితాలు చేతిలో ఉంటే వెతకవలసిన చోటు చాలావరకు తగ్గిపోతుంది.

మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. రౌటర్‌ను రౌటర్‌గానే తయారు చేస్తారు కనుక దాని తొలి అమరికలన్నీ ప్యాకెట్లను ముందుకు పంపడానికి అనువుగా ఉంటాయి. లైనక్స్ యంత్రం మాత్రం మొదట ఒక సాధారణ హోస్ట్. ఇతరుల ప్యాకెట్లను అది ముందుకు పంపదు, తెలియని ప్రోటోకాల్‌ను దాని ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది, దాని నెట్‌వర్క్ మేనేజర్ డిఫాల్ట్ మార్గాన్ని తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటుంది. ఈ పేజీలోని సమస్యల్లో చాలావరకు ఈ స్వభావం నుంచే పుట్టినవి.

కరీంనగర్ రౌటర్‌లో పొరుగు స్థితి ఇనిట్ అని ఉంది, లైనక్స్ వైపు మాత్రం జాబితా ఖాళీగా ఉంది. దీనికి అర్థం ఏమిటి?

ఇనిట్ అంటే, ఎదుటివారి హలో ప్యాకెట్ (ఉనికిని తెలిపే సందేశం) నాకు అందింది గాని అందులో నా రౌటర్ ఐడీ కనిపించలేదు అని ఆ పరికరం చెబుతున్నట్టు. లైనక్స్ పంపిన హలో కరీంనగర్ చేరుతోంది, కరీంనగర్ పంపిన హలో మాత్రం లైనక్స్‌లోని ఓఎస్‌పీఎఫ్ డీమన్ (వెనుక నడిచే ప్రోగ్రాం) దాకా రావడం లేదు. ఇనిట్ అని చూపిస్తున్న పరికరం మీదనే అనుమానపడి దాన్ని రీస్టార్ట్ చేసేవారు చాలామంది ఉన్నారు. నిజానికి చూడవలసింది రెండవ పరికరం వైపు, అంటే ఇక్కడ లైనక్స్ ఫైర్‌వాల్ వైపు.

ఇదే పద్ధతిలో మిగతా రెండు సందర్భాలను కూడా చదువుకోవచ్చు. లైనక్స్ వైపు ఇనిట్ ఉండి రౌటర్ వైపు ఖాళీగా ఉంటే, లైనక్స్ హలో రౌటర్‌కు చేరడం లేదు, లేదా చేరినా రౌటర్ దాన్ని తిరస్కరిస్తోంది. రెండు వైపులా ఖాళీగా ఉండి, ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌లో మాత్రం ఇరువైపుల హలోలూ కనిపిస్తూ ఉంటే, హలోలోని వివరాలు పొసగడం లేదని మొదట అనుమానించాలి. ఏరియా సంఖ్య, హలో వ్యవధి, డెడ్ వ్యవధి, సబ్‌నెట్ మాస్క్, స్టబ్ ఏరియా గుర్తు, ఆథెంటికేషన్ రకం, తాళం సంఖ్య ఇరువైపులా ఒకటే కావాలి. ఈథర్‌నెట్ మీద హలో 10 సెకన్లు, డెడ్ 40 సెకన్లు సాధారణం. ఒకవైపు సిస్కో రౌటర్ ఇంటర్‌ఫేస్‌ను ఎన్‌బీఎంఏ (బ్రాడ్‌కాస్ట్ లేని నెట్‌వర్క్) రకంగా పెడితే అవి 30, 120 సెకన్లుగా మారతాయి. మాస్క్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకవైపు 24 బిట్లు, మరొకవైపు 25 బిట్లు ఉన్నా పింగ్ చక్కగా నడుస్తుంది కనుక తప్పు కంటబడదు.

టీసీపీడంప్‌లో ప్యాకెట్ వస్తున్నట్టు కనిపిస్తోంది కదా, మరి ఫైర్‌వాల్ ఎలా అడ్డు అవుతుంది?

లోపలికి వచ్చే ప్యాకెట్‌ను టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే పట్టుకుంటుంది. అందువల్ల అక్కడ కనిపించినంత మాత్రాన డీమన్‌కు అందినట్టు కాదు. బయటికి వెళ్లే ప్యాకెట్ విషయంలో వరుస తారుమారవుతుంది, ఫైర్‌వాల్ దాటిన తరువాతనే అది టీసీపీడంప్‌కు కనిపిస్తుంది.

ఓఎస్‌పీఎఫ్‌కు పోర్టు సంఖ్య ఉండదు. అది టీసీపీ గాని యూడీపీ గాని వాడకుండా నేరుగా ఐపీ మీద 89వ ప్రోటోకాల్‌గా నడుస్తుంది. 89 అనే పోర్టును తెరిచి, ఇంకా పనిచేయడం లేదేమిటని అడిగేవారు అప్పుడప్పుడు తగులుతూనే ఉంటారు. ఫైర్‌వాల్‌డీ ఉన్న యంత్రాల్లో సంబంధిత జోన్‌కు ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్‌ను జతచేయాలి. యూఎఫ్‌డబ్ల్యూ ఉన్నచోట బిఫోర్ రూల్స్ ఫైలులో నియమం రాసుకోవాలి. 224.0.0.5, 224.0.0.6 అనే మల్టీకాస్ట్ చిరునామాలకు మాత్రమే అనుమతి ఇచ్చి ఊరుకుంటే హలోలు నడుస్తాయి గాని డేటాబేస్ వివరణ ప్యాకెట్లు నేరుగా పొరుగువారి చిరునామాకు వస్తాయి కనుక కథ ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఆగిపోతుంది. బీజీపీకి టీసీపీ 179 కావాలి. లింకు తెగిందని త్వరగా కనిపెట్టే బీఎఫ్‌డీ వాడితే యూడీపీ 3784 కూడా తెరవాలి.

పొరుగు స్థితి ఎక్స్‌స్టార్ట్ లేదా ఎక్స్ఛేంజ్ దగ్గర గంటల తరబడి నిలిచిపోతోంది. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తేడాయే కారణం. డేటాబేస్ వివరణ ప్యాకెట్‌లో ప్రతి పరికరం తన ఇంటర్‌ఫేస్ ఎంటీయూను రాసి పంపుతుంది. తన పరిమితి కంటే పెద్ద సంఖ్య వచ్చినప్పుడు అందుకున్న పరికరం ఆ ప్యాకెట్‌ను నిశ్శబ్దంగా పారేస్తుంది. హలో ప్యాకెట్‌లో ఈ సంఖ్య ఉండదు కనుక అంతదాకా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సర్వర్‌లో స్టోరేజీ కోసం ఎవరో 9000 బైట్ల జంబో ఫ్రేములు పెట్టడం, రౌటర్ 1500 దగ్గరే ఉండటం మామూలుగా జరిగే వ్యవహారం. ఒక వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ను తరువాత చేర్చినప్పుడు దాని ఎంటీయూ వేరుగా ఉండటం కూడా జరుగుతుంది.

నిర్ధారించుకోవడానికి, ముక్కలు చేయవద్దన్న గుర్తు పెట్టి పింగ్ పంపాలి. 1500 ఎంటీయూకు పింగ్ పరిమాణం 1472, 9000కు 8972 అవుతుంది, ఎందుకంటే ఐపీ, ఐసీఎంపీ శీర్షికలకు 28 బైట్లు పోతాయి. ఇరువైపులా ఒకే సంఖ్య పెట్టడమే సరైన పరిష్కారం. ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఎంటీయూ ఇగ్నోర్ అనే ఆదేశం సిస్కోలోనూ ఎఫ్‌ఆర్‌ఆర్‌లోనూ ఉంది. దానితో పొరుగు సంబంధం ఫుల్ దశకు చేరవచ్చు గాని, పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు అదే దారిలో మళ్లీ ఇరుక్కుంటుంది. తాత్కాలికంగా తప్ప దానిని వాడకపోవడం మంచిది.

కొన్ని పొరుగు పరికరాలు 2-వే దగ్గరే ఆగిపోయాయి. ఇది లోపమా?

ఒకే ఈథర్‌నెట్ మీద మూడు, నాలుగు పరికరాలు ఉంటే డీఆర్, బీడీఆర్ (ఆ నెట్‌వర్క్‌కు ఎన్నికైన ప్రధాన, ప్రత్యామ్నాయ రౌటర్లు) కానివాటి మధ్య 2-వే స్థితి సహజమే. అన్నీ 2-వే దగ్గరే ఉండి ఒక్కటి కూడా ఫుల్ కాకపోతే మాత్రం అందరి ప్రయారిటీ 0 గా పెట్టారేమో చూడాలి.

ఫుల్ అని చూపిస్తోంది, అయినా మార్గాలు పట్టికలోకి రావడం లేదు.

ఈ ప్రశ్న అడిగినవారికి సాధారణంగా అప్పటికే ఒక పూట పోయి ఉంటుంది, ఎందుకంటే ఫుల్ అన్న మాట చూశాక ఓఎస్‌పీఎఫ్‌ను ఎవరూ అనుమానించరు. మొదట ఇంటర్‌ఫేస్ రకాలను పోల్చండి. ఒకవైపు బ్రాడ్‌కాస్ట్, మరొకవైపు పాయింట్ టు పాయింట్ ఉన్నప్పటికీ రెండింటికీ వ్యవధులు 10, 40 సెకన్లే కనుక పొరుగు సంబంధం పూర్తిగా ఏర్పడుతుంది. కాని ఇద్దరూ ఒకే లింకును రెండు వేర్వేరు రకాలుగా వర్ణించి ప్రకటిస్తారు కనుక దారి లెక్కకట్టే సమయంలో ఆ రెండు వర్ణనలూ అతకవు, డేటాబేస్‌లో ఉన్న మార్గం పట్టికలోకి దిగదు. ప్రకటించిన రౌటర్ చేరలేనిది అని సిస్కో డేటాబేస్‌లో కనిపిస్తే ఇదే జాడ.

రెండవ అనుమానం రౌటర్ ఐడీ మీద. ఒకే టెంప్లేట్ నుంచి వర్చువల్ యంత్రాలను తయారు చేసినప్పుడు రౌటర్ ఐడీ కూడా నకలుగా వచ్చేస్తుంది. ఒకే ఐడీతో ఇద్దరు వేర్వేరు విషయాలు ప్రకటిస్తూ ఉంటే ఎల్‌ఎస్‌ఏ (ఓఎస్‌పీఎఫ్ ప్రకటన) వరుస సంఖ్య ఆగకుండా పెరుగుతూ, మార్గాలు వచ్చిపోతూ ఉంటాయి. సాధారణంగా ఎల్‌ఎస్‌ఏ 1800 సెకన్లకు ఒకసారి మాత్రమే పునరుద్ధరణ కావాలి కనుక, నిమిషంలోనే సంఖ్య పలుమార్లు పెరిగితే వేరే సాక్ష్యం అక్కరలేదు.

మూడవది, అదే గమ్యానికి మెరుగైన మార్గం వేరే మూలం నుంచి ఉండటం. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో నేరుగా కలిసినవాటికి 0, స్టాటిక్‌కు 1, బయటి బీజీపీకి 20, ఓఎస్‌పీఎఫ్‌కు 110, లోపలి బీజీపీకి 200 అనే దూరాలు ఉంటాయి, తక్కువ దూరం ఉన్నదే గెలుస్తుంది. ఎప్పుడో రాసి మరచిపోయిన స్టాటిక్ మార్గం ఒక్కటి ఉంటే చాలు, ఓఎస్‌పీఎఫ్ మార్గం వెనుక వరుసలో నిలబడుతుంది.

రౌటింగ్ డీమన్‌లో మార్గం కనిపిస్తోంది, కెర్నెల్‌లో లేదు. ఈ రెండూ వేరువేరా?

వేరువేరే. డీమన్ దగ్గర ఉన్నది తెలిసిన మార్గాల చిట్టా, ప్యాకెట్ వెళ్లేది మాత్రం కెర్నెల్ పట్టిక ప్రకారం. కాజీపేట జంక్షన్‌లో టైంటేబుల్ మీద ఏమి రాసి ఉన్నా, బండి బల్లార్షా వైపు పోతుందా విజయవాడ వైపు పోతుందా అన్నది పట్టాల పాయింటు ఎటు తిప్పారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎఫ్‌ఆర్‌ఆర్‌లో షో ఐపీ రౌట్ ఇచ్చినప్పుడు మార్గం పక్కన పెద్దది అనే గుర్తు ఉంటే ఆ మార్గం ఎంపికైందని, నక్షత్రం గుర్తు ఉంటే కెర్నెల్‌లో చేరిందని అర్థం. బర్డ్ వాడేవారు ఇక్కడే ఎక్కువగా పడిపోతారు, ఎందుకంటే బర్డ్ తనంతట తాను కెర్నెల్‌లోకి ఏమీ రాయదు. కెర్నెల్ అనే ప్రోటోకాల్ విభాగంలో ఎగుమతి చేయమని స్పష్టంగా రాస్తే తప్ప మార్గాలన్నీ బర్డ్ లోపలే ఉండిపోతాయి.

డిఫాల్ట్ మార్గం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఒక ఇంటర్‌ఫేస్‌కు డీహెచ్‌సీపీ ద్వారా చిరునామా వస్తే నెట్‌వర్క్ మేనేజర్ ఒక డిఫాల్ట్ మార్గాన్ని నేరుగా కెర్నెల్‌లో పెడుతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్ దానిని కెర్నెల్ మార్గంగా గుర్తించి దూరం 0 గా లెక్కిస్తుంది, 110 దూరంతో వచ్చిన ఓఎస్‌పీఎఫ్ డిఫాల్ట్ దాని ముందు నిలవదు. ఆ కనెక్షన్‌కు డిఫాల్ట్ మార్గం వద్దని నెట్‌వర్క్ మేనేజర్‌లో నెవర్ డిఫాల్ట్ అమరికను ఆన్ చేయాలి.

సర్వర్ నుంచి అన్ని శాఖలకూ పింగ్ వెళ్తోంది. నర్సంపేట నుంచి సర్వర్ మీదుగా కరీంనగర్‌కు మాత్రం వెళ్లడం లేదు.

మొదటి ప్రశ్నలో చెప్పిన స్వభావం ఇక్కడ పూర్తిగా బయటపడుతుంది. నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ విలువ 1 గా లేకపోతే పొరుగు సంబంధాలు, మార్గాలు, సర్వర్ సొంత పింగ్ అన్నీ సవ్యంగా ఉంటాయి గాని ఇతరుల ప్యాకెట్ మాత్రం ఏ సందేశమూ లేకుండా పోతుంది. సిస్‌కంట్రోల్ ఆదేశంతో అప్పటికప్పుడు మార్చి ఊరుకోకుండా, రీబూట్ తరువాత కూడా నిలిచేలా ఫైలులో రాసుకోవాలి.

అది సరిగా ఉన్నా ప్యాకెట్ పోకపోతే ఫార్వర్డ్ చైన్ చూడండి. కంటైనర్లను నడిపే డాకర్ ఉన్న సర్వర్లలో ఆ చైన్ విధానం డ్రాప్‌గా మారి ఉంటుంది, డాకర్‌ను ఎవరు ఎప్పుడు వేశారో నెట్‌వర్క్ చూసేవారికి తెలియకపోవచ్చు. డాకర్ యూజర్ అనే చైన్‌లో శాఖల సబ్‌నెట్లకు అనుమతి రాస్తే సమస్య తీరుతుంది.

మూడవది ఆర్‌పీ ఫిల్టర్. ఇద్దరు ఆపరేటర్ల నుంచి రెండు లింకులు ఉన్నప్పుడు వెళ్లే దారి ఒకటి, తిరిగి వచ్చే దారి మరొకటి కావడం డైనమిక్ రౌటింగ్‌లో సాధారణం. ఆర్‌పీ ఫిల్టర్ విలువ 1 అయితే, వచ్చిన ప్యాకెట్ పంపినవారికి తిరుగుదారి అదే ఇంటర్‌ఫేస్ గుండా లేదని కెర్నెల్ దాన్ని పారేస్తుంది. విలువ 2 పెడితే ఏదో ఒక ఇంటర్‌ఫేస్ గుండా దారి ఉంటే చాలని ఒప్పుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆల్ అనే సామాన్య విలువ, ఇంటర్‌ఫేస్ సొంత విలువ, ఈ రెండింటిలో పెద్దదే అమలవుతుంది కనుక ఆల్ 1 గా ఉండగా ఇంటర్‌ఫేస్‌కు 0 పెట్టినా ప్రయోజనం ఉండదు. ఎన్‌స్టాట్ ఆదేశంలో రివర్స్ పాత్ ఫిల్టర్ లెక్క పెరుగుతూ ఉంటే ప్యాకెట్లు ఇక్కడే పోతున్నట్టు.

బీజీపీ స్థితి యాక్టివ్ అని ఉంది. పనిచేస్తున్నట్టే కదా?

కాదు. టీసీపీ కనెక్షన్ కోసం ప్రయత్నిస్తున్నాను, ఇంకా కుదరలేదు అని దానికి అర్థం. పనిచేసే స్థితి ఎస్టాబ్లిష్డ్ మాత్రమే, సమ్మరీలో ఆ స్థానంలో మాటకు బదులు అందుకున్న మార్గాల సంఖ్య కనిపిస్తుంది.

యాక్టివ్ దగ్గర ఆగితే మొదట 179వ పోర్టుకు కనెక్షన్ తెరుచుకుంటుందా లేదా చూడాలి. తరువాత పొరుగువారి చిరునామా, ఏఎస్ సంఖ్య (బీజీపీలో ఒక్కొక్క నెట్‌వర్కు గుర్తింపు) ఇరువైపులా సరిగ్గా రాశారా, టీసీపీ ఎండీ5 రహస్యపదం ఒకటేనా పోల్చాలి. లూప్‌బ్యాక్ చిరునామాల మధ్య బయటి బీజీపీ నడపాలనుకుంటే, పొరుగువారు నేరుగా కలిసి ఉండాలని బయటి బీజీపీ మామూలుగా ఆశిస్తుంది కనుక సంబంధం కుదరదు. ఈబీజీపీ మల్టీహాప్, అప్‌డేట్ సోర్స్ రెండూ రాయవలసి ఉంటుంది. సొంత నెట్‌వర్కుల్లో ప్రైవేటు ఏఎస్ సంఖ్యలు 64512 నుంచి 65534 వరకు వాడుకోవచ్చు.

బీజీపీ కలిసింది, కాని ఒక్క మార్గమూ రావడం లేదు. సమ్మరీలో సంఖ్యకు బదులు పాలసీ అన్న మాట కనిపిస్తోంది.

వడపోత నియమం లేకుండా బయటి పొరుగువారితో మార్గాలు ఇచ్చిపుచ్చుకోరాదని 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 చెబుతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్ సంప్రదాయ ప్రొఫైల్‌లో అది ముందుగానే అమలులో ఉంటుంది, బర్డ్ రెండవ తరం కూడా దిగుమతి, ఎగుమతి నియమాలను స్పష్టంగా అడుగుతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్‌కు మూలమైన పాత క్వాగా కాన్ఫిగరేషన్‌ను అలాగే ఎఫ్‌ఆర్‌ఆర్‌లోకి తెచ్చుకున్నవారికి అందుకే ఈ ఇబ్బంది ఎదురవుతుంది. ఈ నియమాన్ని ఆపివేసే ఆదేశం ఉంది గాని దాని జోలికి పోకుండా, ఏ శాఖ నుంచి ఏ సబ్‌నెట్ రావచ్చో ప్రిఫిక్స్ లిస్టులో రాసి రౌట్ మ్యాప్‌గా తగిలించడమే మేము సూచిస్తాము. మీ వైపు నుంచి మార్గం వెళ్లకపోతే నెట్‌వర్క్ వాక్యాన్ని పరిశీలించండి. అందులో రాసిన సబ్‌నెట్, మాస్క్‌తో సహా అచ్చంగా అదే రూపంలో పట్టికలో ఉండాలి.

బీజీపీ కలిసిన మూడు నిమిషాలకు తెగిపోతోంది, మళ్లీ కలుస్తోంది. లైను మాత్రం బాగానే ఉంది.

మూడు నిమిషాలు అన్నదే ఆధారం. హోల్డ్ సమయం సాధారణంగా 180 సెకన్లు, కీపలైవ్ 60 సెకన్లు. సంబంధం తెరిచే సందేశాలు చిన్నవి కనుక అవి దాటుతాయి. తరువాత మార్గాల వివరాలు మోసుకుపోయే పెద్ద ప్యాకెట్లు దారిలో ఎక్కడో తక్కువ ఎంటీయూ ఉన్నచోట ఆగిపోతాయి. టీసీపీ వరుస తప్పదు కనుక ఆగిపోయిన పెద్ద ప్యాకెట్ వెనుక కీపలైవ్‌లు కూడా క్యూలో నిలబడతాయి, ఎదుటి రౌటర్ గడువు ముగిసిందని సంబంధాన్ని తెంచేస్తుంది. శాఖల మధ్య టన్నెల్ ఉన్నచోట, దారిలో ఐసీఎంపీ సందేశాలను ఎవరైనా మూసివేసినచోట ఇది తరచుగా కనిపిస్తుంది. పైన చెప్పిన పింగ్ పద్ధతితో అసలు పరిమితిని కనుక్కొని టన్నెల్ ఎంటీయూను దానికి తగ్గించాలి.

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ మీద ఓఎస్‌పీఎఫ్ నడపవచ్చా?

నడపవచ్చు. అయితే వైర్‌గార్డ్‌లో అలౌడ్ ఐపీస్ జాబితా రాకపోకలు రెండింటికీ కాపలాదారు. అందులో లేని చిరునామాకు ప్యాకెట్ పంపదు, అందులో లేని చిరునామా నుంచి వచ్చినదాన్ని తీసుకోదు. 224.0.0.5 అందులో లేకపోతే హలో బయలుదేరదు, రేపు కొత్తగా నేర్చుకున్న శాఖ సబ్‌నెట్ లేకపోతే మార్గం ఉన్నా ప్యాకెట్ పోదు. అందువల్ల ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ పెట్టి, అలౌడ్ ఐపీస్‌లో 0.0.0.0/0 రాసి, డబ్ల్యూజీ క్విక్ తనంతట తాను డిఫాల్ట్ మార్గం వేయకుండా టేబుల్ అమరికను ఆఫ్ చేయడం అలవాటైన పద్ధతి. ఓఎస్‌పీఎఫ్ రకాన్ని పాయింట్ టు పాయింట్‌గా ఇరువైపులా రాయాలి. ఎంటీయూ సాధారణంగా 1420 ఉంటుంది. టన్నెల్‌కు నిజమైన వేగం అంటూ లేనందున కాస్ట్‌ను కూడా చేత్తో రాసుకోవడం మేలు.

సర్వర్‌కూ రౌటర్‌కూ మధ్య ఓఎస్‌పీఎఫ్ మంచిదా, బీజీపీ మంచిదా?

మా అభిప్రాయంలో, రౌటర్లు తమలో తాము ఓఎస్‌పీఎఫ్ నడుపుకోవచ్చు గాని సర్వర్‌తో మాత్రం బీజీపీ ఉత్తమం. ఓఎస్‌పీఎఫ్‌లో ఒక ఏరియాలో ఉన్నవారందరి దగ్గరా ఒకే డేటాబేస్ ఉండాలి కనుక, సర్వర్ పొరపాటున ప్రకటించిన డిఫాల్ట్ మార్గం పరకాల దాకా పాకుతుంది, మధ్యలో ఆపే వీలు చాలా తక్కువ. బీజీపీలో ప్రతి పొరుగువారి దగ్గరా వడపోత పెట్టవచ్చు, అందుకోవలసిన మార్గాల సంఖ్యకు పరిమితి కూడా విధించవచ్చు. సర్వర్‌ను నడిపే బృందం ఒకటి, రౌటర్లను చూసే బృందం మరొకటి అయినచోట ఈ సరిహద్దు చాలా పనికివస్తుంది. మల్టీకాస్ట్ నడవని క్లౌడ్ ప్రైవేటు నెట్‌వర్కుల్లో ఓఎస్‌పీఎఫ్ ఎలాగూ కష్టమే.

ఆర్‌ఐపీ అనే పాత రౌటింగ్ ప్రోటోకాల్ సంగతి ఏమిటి?

పాత పరికరం ఇంకేదీ అర్థం చేసుకోలేనప్పుడు మాత్రమే. యూడీపీ 520 తెరవండి, ఇరువైపులా రెండవ వెర్షన్ ఉందో లేదో చూడండి.

రాత్రిపూట మాత్రమే పొరుగు సంబంధాలు తెగుతున్నాయి. పగలు చూస్తే ఏమీ కనిపించదు.

ఆ గంటలో సర్వర్ మీద ఏ పని నడుస్తోందో చూడండి. బ్యాకప్ వల్ల లింకు నిండిపోతే హలోలు క్యూలో పోవచ్చు, వర్చువల్ యంత్రాన్ని స్నాప్‌షాట్ తీసే సమయంలో అది కొన్ని సెకన్లు నిలిచిపోవచ్చు. ఓఎస్‌పీఎఫ్ 40 సెకన్లు ఓపిక పడుతుంది గాని, బీఎఫ్‌డీని 300 మిల్లీసెకన్ల వ్యవధితో పెట్టినవారికి ఆ కొద్ది విరామమే చాలు. వర్చువల్ యంత్రాల మీద బీఎఫ్‌డీ వ్యవధిని ఒక సెకను కంటే తగ్గించడంలో మాకు లాభం కనిపించదు.

ఐపీ మానిటర్ రౌట్ అనే ఆదేశాన్ని సమయంతో సహా ఒక ఫైలులోకి రాత్రంతా రాయించి, ఎఫ్‌ఆర్‌ఆర్ లాగ్‌తో పోల్చండి. రౌటర్, సర్వర్ గడియారాలు ఎన్‌టీపీతో కలిసి ఉంటేనే ఈ పోలిక అర్థవంతం అవుతుంది. ఇంటర్‌ఫేస్ డౌన్ అయినట్టు లాగ్‌లో ఉంటే విషయం రౌటింగ్‌ది కాదు, లైనుది. హనుమకొండ నుంచి ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ పోయే దారిలో రోడ్డు పని కోసం తవ్విన రోజున ఫైబర్ తెగితే ఏ టైమర్ మార్చినా ఫలితం ఉండదు.

కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేచింది, రౌటింగ్ మాత్రం లేవలేదు.

ఎఫ్‌ఆర్‌ఆర్‌లో ఏ డీమన్ నడవాలో ఈటీసీ కింద ఎఫ్‌ఆర్‌ఆర్ ఫోల్డర్‌లోని డీమన్స్ ఫైలు నిర్ణయిస్తుంది. అందులో బీజీపీడీ, ఓఎస్‌పీఎఫ్‌డీ ఎదురుగా యెస్ అని ఉండాలి. వీటీవై షెల్‌లో చేసిన మార్పులను రైట్ ఆదేశంతో భద్రపరచకపోతే అవి కరెంటుతోపాటే పోతాయి. కొత్తగా కార్డు అమర్చాక ఇంటర్‌ఫేస్ పేరు మారడం మరొక కారణం, అప్పుడు పాత పేరు కింద రాసిన అమరికలన్నీ గాలిలో వేలాడుతూ ఉంటాయి.

సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ వాడేచోట ఇంకొక వింత జరుగుతుంది. ఆ సేవను రీస్టార్ట్ చేసినప్పుడు తాను పెట్టని మార్గాలను పరాయివిగా భావించి తుడిచివేస్తుంది. పొరుగు సంబంధం తెగలేదు కనుక ఎఫ్‌ఆర్‌ఆర్‌కు అంతా బాగున్నట్టే అనిపించవచ్చు. మేనేజ్ ఫారిన్ రౌట్స్ అనే అమరికను నో చేస్తే ఈ తుడిచివేత ఆగుతుంది.

శాఖలన్నిటి నుంచీ 172.17.0.0/16 అనే మార్గం వస్తోంది. అది ఎవరిది?

డాకర్ తన అంతర్గత వంతెనకు మామూలుగా పెట్టుకునే సబ్‌నెట్ అది. రీడిస్ట్రిబ్యూట్ కనెక్టెడ్ అని వడపోత లేకుండా రాసిన ప్రతి సర్వర్ దాన్ని ఊరంతా చాటుతుంది. పునఃప్రకటన చేసే ప్రతిచోటా, కెర్నెల్ మార్గాలైనా కనెక్టెడ్ మార్గాలైనా, రౌట్ మ్యాప్ తగిలించవలసిందే.

ఐపీవీ6 ఫార్వర్డింగ్ ఆన్ చేయగానే సర్వర్ డిఫాల్ట్ మార్గం పోయింది.

ఫార్వర్డింగ్ ఆన్ అయిన యంత్రాన్ని లైనక్స్ రౌటర్‌గా పరిగణించి, ఇతర రౌటర్ల ప్రకటనలను పట్టించుకోవడం మానేస్తుంది. ఆ ఇంటర్‌ఫేస్‌కు యాక్సెప్ట్ ఆర్‌ఏ విలువను 2 చేయాలి, లేదా డిఫాల్ట్‌ను రౌటింగ్ ప్రోటోకాల్ ద్వారానే తెచ్చుకోవాలి. ఓఎస్‌పీఎఫ్ మూడవ వెర్షన్‌కు ఎఫ్‌ఆర్‌ఆర్‌లో వేరే డీమన్ ఉంటుందని, అది లింక్ లోకల్ చిరునామాల మీద మాట్లాడుతుందని మరవకూడదు.

మంచిర్యాలలో ఉన్న సర్వర్ రౌటింగ్‌ను హనుమకొండ నుంచి మార్చాలి. సంబంధం తెగిపోతే ఎలా?

మార్పుకు ముందే వెనక్కి వచ్చే ఏర్పాటు చేసుకోవాలి. సిస్కోలో పది నిమిషాల తరువాత రీలోడ్ అయ్యేలా రీలోడ్ ఇన్ 10 ఇచ్చి, అంతా సవ్యంగా ఉంటే దాన్ని రద్దు చేయవచ్చు, ఈలోగా కాన్ఫిగరేషన్‌ను భద్రపరచకూడదు. జునిపర్‌లో కమిట్ కన్ఫర్మ్డ్ ఆ పని చేస్తుంది. లైనక్స్‌లో పాత కాన్ఫిగరేషన్‌ను తిరిగి పెట్టి ఎఫ్‌ఆర్‌ఆర్‌ను రీలోడ్ చేసే చిన్న స్క్రిప్టును ఎట్ ఆదేశంతో పది నిమిషాల తరువాతకు పెట్టుకోండి. దానితోపాటు మీ సొంత చిరునామాకు ఒక స్టాటిక్ మార్గం విడిగా ఉంటే, డైనమిక్ మార్గాలన్నీ పోయినా ఎస్‌ఎస్‌హెచ్ నిలుస్తుంది. రీస్టార్ట్‌కు బదులు రీలోడ్ వాడితే మారిన వరుసలు మాత్రమే అమలవుతాయి, మిగతా పొరుగు సంబంధాలు చెదరవు.

సహాయం అడిగేటప్పుడు ఏ వివరాలు పంపాలి?

ఇరువైపుల నుంచీ ఒకే సమయంలో తీసినవి పంపాలి. ఒక్క వైపు వివరాలతో ఊహ తప్ప నిర్ధారణ సాధ్యం కాదు. పొరుగు స్థితి, సంబంధిత ఇంటర్‌ఫేస్ వివరాలు, రౌటింగ్ పట్టిక, లైనక్స్ వైపు ఐపీ రౌట్ గెట్ ఫలితం, ఫైర్‌వాల్ నియమాలు, ఐపీ రూల్ జాబితా, ఒక నిమిషం పాటు తీసిన టీసీపీడంప్ ఫైలు, డీమన్ వెర్షన్, కెర్నెల్ వెర్షన్ ఉండాలి. రహస్యపదాలను తీసివేయండి గాని చిరునామాలను మార్చవద్దు. చాలామంది భద్రత కోసమని సబ్‌నెట్లను తారుమారు చేసి పంపుతారు, మాస్క్‌లో ఉన్న అసలు తప్పు ఆ మార్పులోనే కనుమరుగవుతుంది. చివరిసారి సవ్యంగా పనిచేసింది ఎప్పుడో, ఆ తరువాత ఎవరు ఏమి మార్చారో కూడా ఒక వాక్యంలో రాయండి.